చిన్నపిల్లలతో ఏడాది ప్రపంచయాత్ర: బెంగళూరు నుంచి బయలుదేరే తెలుగు కుటుంబానికి సమగ్ర మార్గదర్శి

ఏడాది ప్రయాణం అనుకోగానే అందరూ ముందు మ్యాపు తెరుస్తారు. మన పాస్‌పోర్టుతో, పదేళ్లలోపు పిల్లలతో వెళ్లేవాళ్లకు మ్యాపుది మాత్రం చివరి మాట. దారిని తేల్చేవి వీసా నిబంధనల్లోని తేదీలు, బడి క్యాలెండరు, ఇన్సూరెన్సు పాలసీ గడువు. ఈ మూడూ సరిపోయాక మిగిలిన దేశాల్లోంచే మనకు నచ్చినవి ఏరుకోవాలి. తల్లి, తండ్రి, ఏడేళ్లు, నాలుగేళ్లు ఉన్న ఇద్దరు పిల్లల కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని ఇక్కడి లెక్కలన్నీ వేశాం. చెన్నై నుంచి వెళ్లేవాళ్లకు ఆఫీసుల చిరునామాలు మారతాయి, పద్ధతి అదే. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి ప్రతి టికెట్టు కొనే ముందు ఆ దేశపు ఎంబసీ సైటు మరోసారి చూడండి.

ఏడాదిని రెండు ముక్కలు చేయండి

ఏకబిగిన పన్నెండు నెలలు తిరిగి రావాలని చాలామందికి ఉంటుంది. ఆ పట్టుదల మానుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో బయలుదేరి సెప్టెంబరు చివర వెనక్కి రండి. అక్టోబరంతా ఇంటిదగ్గర ఉండి, నవంబరు 1న మళ్లీ బయలుదేరి మార్చి చివరకు ముగించండి.

ఇలా ఎందుకంటే, షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వీసాకు ప్రయాణం ఆరు నెలల్లోపు ఉంటేనే దరఖాస్తు తీసుకుంటారు. అది కూడా మీరు చట్టబద్ధంగా నివసించే దేశం నుంచే పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో ఇల్లు వదిలి వచ్చే జనవరిలో ఇటలీ చూద్దామనుకుంటే, బెంగళూరులో ఉన్నప్పుడు తొందరపడినట్టు, వియత్నాంలో ఉన్నప్పుడు అర్హత లేనట్టు అవుతుంది. బ్రిటన్ విజిటర్ వీసాకైతే మూడు నెలల ముందు మాత్రమే పెట్టుకోనిస్తారు. జపాన్ టూరిస్టు వీసా చేతికొచ్చాక మూడు నెలల్లో అక్కడ అడుగుపెట్టాలి. మన ట్రావెల్ ఇన్సూరెన్సు పాలసీలు చాలావరకు 180 రోజులకే ఇస్తారు, దేశంలో ఉన్నప్పుడే కొనాలి. వీటన్నిటికీ మధ్యలో ఒక నెల ఇంటికి రావడమే తేలికైన పరిష్కారం. దసరా సెలవుల్లో అమ్మమ్మ, నానమ్మల దగ్గర పిల్లలు కాస్త స్థిమితపడతారు. పొట్టి అయిపోయిన బట్టలు మారతాయి, మిగిలిన టీకాలు పడతాయి.

ఈ పద్ధతికి ఒక నష్టముంది. విమానసంస్థల కూటములైన స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ అమ్మే రౌండ్ ద వరల్డ్ టికెట్టు దీనికి కుదరదు. అది ఒకే దిక్కుగా సాగాలి, గరిష్ఠంగా 16 విమానాలు, మొదలైన దేశానికి తిరిగొస్తే అయిపోయినట్టే. భూమి చుట్టూ గీత గీశామన్న తృప్తి తప్ప పిల్లలున్న ఇంటికి దానివల్ల పెద్ద ఉపయోగం కనిపించదు. విడి టికెట్లే మేలు.

నిబంధనలకు, వాతావరణానికి సరిపోయే ఒక వరుస ఇది. ఏప్రిల్ 5 నుంచి మే 9 వరకు బ్రిటన్, 34 రోజులు. అక్కడినుంచి ఆగస్టు 3 వరకు షెంగెన్ దేశాలు, 86 రోజులు. తర్వాత 28 రోజులు తుర్కియే (టర్కీ), 30 రోజులు జార్జియా. రెండో భాగంలో నవంబరు 26 వరకు జపాన్, జనవరి 5 వరకు వియత్నాం, ఫిబ్రవరి 2 వరకు మలేసియా, మార్చి 28 వరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. మొత్తం 326 రోజులు.

బ్రిటన్‌ని మొదట పెట్టడానికి కారణముంది. మూడు నెలల నిబంధన వల్ల ఆగస్టు ప్రయాణానికి ఏప్రిల్లోపు వీసా రాదు. ఏప్రిల్ తొలివారం నుంచి మొదలయ్యే ఆరు నెలల వీసా అక్టోబరు తొలివారం దాకా చెల్లుతుంది. అమెరికా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు తుర్కియే ఈ-వీసా ఇస్తుంది, జార్జియా వీసా లేకుండానే రానిస్తుంది. షెంగెన్ వీసా ఆగస్టుతో ముగిసిపోయినా బ్రిటన్ వీసా ఆ రెండు దేశాలకూ పనికొస్తుంది. పదేళ్ల అమెరికా వీసా చేతిలో ఉన్నవాళ్లకు ఈ తిప్పలే లేవు. దానితో మెక్సికో కూడా తెరుచుకుంటుంది.

షెంగెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. దిగిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. 2025 అక్టోబరులో మొదలైన ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ ఈ రోజుల్ని కంప్యూటర్లోనే లెక్కేస్తుంది కాబట్టి 90కి బదులు, ఈ లెక్కన 87 రోజులకు (86 రాత్రులు) ప్లాన్ చేయండి. పిల్లాడికి జ్వరమొచ్చి విమానం మార్చుకోవాల్సి వస్తే ఆ మూడు రోజులే ఆదుకుంటాయి.

పన్నెండు నెలల ముందు: పాస్‌పోర్టులు, పేర్లు

పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. చాలా ఆసియా దేశాలు చేరేనాటికి ఆరు నెలల గడువు అడుగుతాయి. అంటే మార్చిలో ముగిసే యాత్రకు ఆ ఏడాది అక్టోబరు దాకా అయినా పాస్‌పోర్టు ఉండాలి. గడువు ఏడాదిలోపు ఉంటే ఇప్పుడే రీఇష్యూకి పెట్టండి. గడువు మిగిలివున్నా, ఆరు నెలల వయసులో తీసిన ఫొటోలో ఇప్పటి పిల్ల గుర్తుపట్టేలా లేకపోతే రూపం మారిందన్న కారణంతో కొత్తది తీసుకోవచ్చు. బెంగళూరులో లాల్‌బాగ్ రోడ్డు, మారతహళ్లి పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. తల్లిదండ్రులిద్దరూ అనెక్షర్-డి అనే ఫారం మీద సంతకం పెట్టాలి. ఒకరి సంతకం కుదరకపోతే అనెక్షర్-సి. చంటిపిల్లలకు తెల్లటి బ్యాక్‌గ్రౌండు ఫొటో వెంట తీసుకెళ్లాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టినతేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఒప్పుకుంటారు. పెద్దవాళ్లు ఎలాగూ రీఇష్యూ చేయించుకోవాల్సివస్తే 60 పేజీలది అడగండి.

అసలు చిక్కు మన ఇంటిపేర్లతో వస్తుంది. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో పేరు వెనక తండ్రి పేరు, స్కూల్లో పేరు ముందు ఇనీషియల్. ఇలా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉన్న ఇళ్లు బెంగళూరు తెలుగువాళ్లలో కొల్లలు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే విమానం టికెట్టు బుకింగ్ దగ్గర్నుంచి ఇబ్బంది మొదలవుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుకు యూఏఈ విజిట్ వీసా ఇవ్వదు. మొదట బర్త్ సర్టిఫికెట్ సరిచేయించండి, ఆ తర్వాతే పాస్‌పోర్టు. కర్ణాటకలో పుట్టిన పిల్లలకు రికార్డు ఈ-జన్మ పోర్టల్‌లో ఉంటుంది. ఈ వరుస తిరగబడితే రెండూ మళ్లీ చేయించుకోవాలి.

బర్త్ సర్టిఫికెట్లకు, మ్యారేజి సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (విదేశాల్లోనూ చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా వేయించి ఉంచండి. తల్లి ఇంటిపేరు వేరుగా ఉండి ఆమె ఒక్కతే పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటాల్సి వస్తే, ఆ కాగితంతోపాటు తండ్రి సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి లేఖ చేతిలో ఉండాలి. తండ్రి ఒక్కడే తీసుకెళ్లినా అంతే.

పిల్లల్లో ఒకరు అమెరికాలో పుట్టి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతికి ఇచ్చేది) మీద ఉంటే ఆ బిడ్డకు చాలా దేశాల్లో వీసా అక్కర్లేదు గానీ మిగతా ముగ్గురికీ కావాలి. పదహారేళ్లలోపు అమెరికా పాస్‌పోర్టూ ఐదేళ్లదే. కొత్తది తీసుకుంటే ఓసీఐ పోర్టల్‌లో దాన్ని అప్‌లోడ్ చేయడం మరిచిపోవద్దు.

ఐదేళ్లు దాటిన పిల్లలకు ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా ఇప్పుడే చేయించండి. తిరిగొచ్చాక బడిలో అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

వీసా ముందు, రాజీనామా తర్వాత

ఎక్కువ కుటుంబాల్లో తలకిందులయ్యేది ఈ వరుసే. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి తీరిగ్గా వీసాలు చూసుకుందామనుకుంటారు. వీసా అధికారి చూసేది మీరు తిరిగొస్తారా లేదా అన్నది. నెలనెలా జీతం పడే బ్యాంకు స్టేట్‌మెంటు, మూడేళ్ల ఐటీఆర్‌లు, కంపెనీ ఇచ్చిన సెలవు లేఖ ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఉద్యోగం వదిలిన మర్నాడు ఉండదు. వీలైతే ఏడాది సబాటికల్ (ఉద్యోగం పోకుండా ఇచ్చే దీర్ఘ సెలవు) అడగండి, తిరిగి చేరే తేదీతో లేఖ తీసుకోండి. అది కుదరదంటే వీసాలన్నీ స్టాంపయ్యాకే నోటీసు ఇవ్వండి. ఐటీ కంపెనీల్లో నోటీసు 60 నుంచి 90 రోజులుంటుంది కాబట్టి వెనక్కి లెక్కేసుకోండి. అయితే దరఖాస్తులో ఉద్యోగం గురించి అబద్ధం రాయకండి. వీసా నిరాకరణకన్నా తప్పుడు సమాచారమన్న ముద్ర ఎక్కువ కాలం వెంటాడుతుంది.

ఒక పాస్‌పోర్టు ఒకేసారి రెండు వీసా కేంద్రాల్లో ఉండలేదు కనుక వరుస ఇలా పెట్టుకోండి. అమెరికా వీసా కావాలనుకుంటే అన్నిటికంటే ముందు, వేసవిలోనే. ఇంటర్వ్యూ చెన్నై కాన్సులేట్‌లో. ఫీజు తలకు 185 డాలర్లు, చంటిబిడ్డకూ అంతే. 2025 సెప్టెంబరు నుంచి పిల్లలకు కూడా ఇంటర్వ్యూ మినహాయింపు దాదాపుగా తీసేశారు. తర్వాత షెంగెన్. మే 9 ప్రయాణానికి నవంబరు 9 నుంచి పెట్టుకోవచ్చు, డిసెంబరు మొదట్లో పెట్టండి. మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా సాగుతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఉచితం. మన నలుగురికి 225 యూరోలు, వీసా కేంద్రం సర్వీసు చార్జీ అదనం. పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. జనవరి రెండో వారంలో బ్రిటన్. ఫిబ్రవరి నెలాఖరుకల్లా పాస్‌పోర్టులు ఇంట్లో ఉండాలి.

జపాన్ వీసా, వియత్నాం ఈ-వీసా అక్టోబరు పనులు. వియత్నాంది 90 రోజుల వరకు ఇస్తారు, ఒక ఎంట్రీకి 25 డాలర్లు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు, పేరు తారుమారైతే ఎయిర్‌లైన్ కౌంటరు దగ్గరే ఆపేస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాలు ఆన్‌లైనే. పిల్లల ఫొటోలు ఆరు నెలల్లోపువే అడుగుతారు, అందుకని అక్టోబరులో మళ్లీ తీయించాలి. షెంగెన్‌కి 35×45 మిల్లీమీటర్లు, అమెరికాకి రెండంగుళాల చదరం. నోరు మూసి, కళ్లు తెరిచి, చేతిలో బొమ్మ లేకుండా నాలుగేళ్ల పిల్లని కూర్చోబెట్టడానికి పొద్దున టిఫిన్ అయ్యాక వెళ్లడం తప్ప చిట్కా లేదు.

బడి

ఏప్రిల్‌లో వెళ్లి మార్చిలో వస్తే సరిగ్గా ఒక విద్యాసంవత్సరం పోతుంది. ఒకటి నుంచి నాలుగో తరగతి లోపు ఇది పెద్ద నష్టం కాదు. స్కూలుతో మాట్లాడేటప్పుడు రెండు దారులుంటాయి. సగం ఫీజో, మొత్తం ఫీజో కట్టి సీటు నిలబెట్టుకోవడం ఒకటి. టీసీ తీసుకుని వచ్చాక కొత్తగా చేరడం రెండోది. మొదటిది ఖరీదు. బెంగళూరులో మంచి సీటు దొరకడం కష్టమైన పేటల్లో ఉంటే మాత్రం దాని గురించి ఆలోచించాలి. రెండో దారిలో వెళ్తే టీసీతోపాటు మార్కుల కార్డు, శాట్స్ (కర్ణాటక విద్యార్థుల రికార్డు) నంబరు, యూడైస్ ప్లస్ (దేశవ్యాప్త బడుల డేటాబేసు)లోని పెన్ నంబరు, అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి. పాత బడి తన రికార్డులోంచి పిల్లని వదలకపోతే కొత్త బడి చేర్చుకోలేదు. వెళ్లేముందే ఆ పని జరిగిందో లేదో అడిగి తెలుసుకోండి.

గణితం రోజూ చేయించాలి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. ఇంగ్లిషు దానంతటదే వస్తుంది. చరిత్ర, భూగోళం చూసేవాటిలోనే ఉన్నాయి. అందరూ మరిచేది కన్నడ. కర్ణాటక బడుల్లో కన్నడ తప్పనిసరి. ఏడాది దూరమైన తెలుగు పిల్లలు వెనక్కొచ్చాక తడబడేది అక్కడే, లెక్కల్లో కాదు. రోజుకు పావుగంట కన్నడ కాపీపుస్తకం వెంట నడవాలి. తెలుగు అక్షరాలు నేర్పడానికి మాత్రం ఇంతకన్నా మంచి ఏడాది దొరకదు. చుట్టూ తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ లేనప్పుడు అది ఇంటి రహస్య భాష అవుతుంది, పిల్లలకు సరదా. మొత్తం చదువు గంటన్నర మించనివ్వకండి. పొద్దున టిఫిన్ తర్వాతే కానివ్వండి, సాయంత్రానికి వాయిదా వేస్తే జరగదు.

డబ్బు

ఖర్చు దేశాన్నిబట్టి మారుతుంది కాబట్టి సగటు వేయకుండా మూడు మెట్లుగా లెక్కేయండి. నలుగురికి వంటగది ఉన్న అద్దె గది, తిండి, స్థానిక రవాణా, టికెట్లు కలిపి జార్జియా, వియత్నాం, మలేసియాలకు రోజుకు 9,000 రూపాయలు, తుర్కియేకి 14,000, మిగతావాటికి 22,000 అనుకోవచ్చు. ఇవి పొదుపుగా ఉండేవాళ్ల అంచనాలు. 98 రోజులకు 8.82 లక్షలు, 28 రోజులకు 3.92 లక్షలు, 200 రోజులకు 44 లక్షలు, మొత్తం 56.74 లక్షలు. విమానాలకు 10 లక్షలు, వీసాలు, ఇన్సూరెన్సు, టీకాలకు 4 లక్షలు, ఆపైన పది శాతం చేతికింద పెట్టుకుంటే దాదాపు 78 లక్షలు. గుండె ఆగినంత పనైతే ఒక నెల యూరప్‌ని జార్జియాకి మార్చండి, దగ్గరదగ్గర 3.9 లక్షలు తగ్గుతుంది. తిరిగొచ్చాక ఆరు నెలల ఇంటి ఖర్చు, స్కూలు డొనేషను, కొత్తింటి అడ్వాన్సు ఈ లెక్కలో లేవు. అవి విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి తాకకూడదు.

ఫారెక్స్ కార్డులో వేసే డబ్బు ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలుచేసే పన్ను) పట్టుకుంటారు. ఐటీఆర్ వేశాక సర్దుబాటవుతుంది, కానీ ఏడాదిపాటు ఆ డబ్బు చేతిలో ఉండదు. మార్చిలోనే ఈ సంవత్సరం ఖాతాలో కొంత, ఏప్రిల్ తర్వాత కొంత, భార్యాభర్తల పాన్‌ల మీద విడివిడిగా వేసుకుంటే భారం తగ్గుతుంది. విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్ల వరకే. విదేశీ లావాదేవీ రుసుము లేని క్రెడిట్ కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, వేర్వేరు పర్సుల్లో ఉండాలి. షాపులో మెషిను 'రూపాయల్లో చెల్లిస్తారా' అని అడిగితే వద్దనండి. ఆ మారకం రేటు ఎప్పుడూ నష్టమే.

పైన చెప్పిన వరుసలో ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు దేశంలో ఉండేది దాదాపు నలభై రోజులే. అరవై రోజులకన్నా తక్కువైతే ఆదాయపు పన్ను చట్టం కింద ఆ ఏడాదికి సాధారణంగా నాన్-రెసిడెంట్ అవుతారు. అద్దె ఆదాయం, షేర్లు ఉన్నవాళ్లు ముందే ఆడిటర్‌తో కూర్చోండి.

ఫోను సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, యాత్ర మధ్యలో మెడకు చుట్టుకునేది అదే. బ్యాంకు ఓటీపీ, ఐటీఆర్ ఈ-వెరిఫికేషను, డిజీలాకర్ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించి, ఏడాది రీచార్జి వేయండి. సిమ్‌ని ఈ-సిమ్‌గా మార్చుకోవాలంటే కనీసం రెండు వారాల ముందు మార్చండి, మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. భార్య ఖాతాల ఓటీపీలు భర్త నంబరుకి వెళ్లేలా ఉంటే విడదీయండి. ఆ ఫోను పోతే ఇద్దరూ ఇరుక్కుంటారు.

టీకాలు, మందులు, ఇన్సూరెన్సు

ఆరు నెలల ముందు పిల్లల డాక్టరు దగ్గరికి టీకా కార్డు తీసుకెళ్లండి. ఎమ్మెమ్మార్, చికెన్‌పాక్స్, టైఫాయిడ్, హెపటైటిస్-ఏ పూర్తయ్యాయో లేదో చూడాలి. రేబిస్ ముందస్తు టీకా గురించి అడగండి. పిల్లలు కుక్కల దగ్గరికి పరిగెత్తుతారు, కరిచినా గోకినా ఇంట్లో చెప్పరు. సున్నా రోజున, ఏడో రోజున రెండు డోసులు. ఆ తర్వాత ఎప్పుడైనా కరిస్తే మళ్లీ రెండు డోసులు వేయించాలి గానీ ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షను) వెతుక్కోవాల్సిన పనిలేదు. చిన్న ఊళ్లలో దొరకనిది అదే.

పై వరుసలో ఎల్లో ఫీవర్ దేశాలు లేవు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా కలుపుకుంటే మాత్రం ఆ టీకా గుర్తింపు పొందిన కేంద్రంలోనే వేయించాలి. చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, జీవితాంతం పనికొస్తుంది. తొమ్మిది నెలలు నిండని బిడ్డకు మామూలుగా వేయరు. ఎమ్మెమ్మార్‌కీ దీనికీ మధ్య నాలుగు వారాల ఎడం ఉండేలా చూడమని డాక్టరును అడగండి. సర్టిఫికెట్ లేకుండా ఆ దేశాలనుంచి వస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టగలరు.

మందుల సంచిలో పారాసిటమాల్ సిరప్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది, జింక్, సెట్రిజిన్, వాంతులకు డాక్టరు రాసిన మందు, థర్మామీటరు, సెలైన్ ముక్కు చుక్కలు చాలు. పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు. 16 కిలోల పాపకు 240 మిల్లీగ్రాములు కావాలి. అయిదు మిల్లీలీటర్లకు 250 ఉన్న సీసాలోంచి అయితే అయిదుకు కాస్త తక్కువ, 120 ఉన్న సీసాలోంచి అయితే పది మిల్లీలీటర్లు. బయటి దేశాల్లో సీసా మీద బలం మారుతుంది, అమెరికాలో, జపాన్‌లో పేరే అసెటమినోఫెన్. అక్కడ కొన్న సీసాలోంచి ఇంటి అలవాటు ప్రకారం చెంచాలు పోయడం ప్రమాదం. పిల్లల బరువు, మోతాదు ఒక కార్డు మీద రాసి సంచిలోనే పెట్టండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, గ్లాసుకు కాదు. కొడీన్ ఉన్న దగ్గుమందు, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు ఇంట్లోనే వదిలేయండి. జపాన్, గల్ఫ్ దేశాల్లో వీటితో చిక్కులొస్తాయి.

ఇన్సూరెన్సు రెండు పాలసీలుగా, ఒక్కో భాగానికి ఒకటి. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య కవరేజి ఉండాలి, అయితే అది వీసా కోసం అడిగే అంకె మాత్రమే. అంతకన్నా ఎక్కువకే తీసుకోండి. ఎయిర్ అంబులెన్సు ఉందో లేదో చూడండి, పిల్లల ఆస్తమా లాంటివి దాచకుండా రాయండి. ఇంకో సంగతి, ఉద్యోగం మానితే కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు ఆ రోజుతో పోతుంది. తిరిగొచ్చాక కొత్త పాలసీ కొంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు. కంపెనీలో ఉండగానే ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) తీసుకోండి. పాత గ్రూప్ పాలసీని సొంత పాలసీగా మార్చుకోవచ్చేమో కూడా ఆ ఇన్సూరెన్సు కంపెనీనే అడగండి.

సామాను, తిండి

నలుగురికి రెండు చెకిన్ సూట్‌కేసులు, రెండు వీపుసంచులు, పిల్లలిద్దరికీ వాళ్లు మోయగలిగిన చిన్న సంచులు. అంతకుమించితే రైలు ప్లాట్‌ఫారం మీద పిల్లల చేయి పట్టుకోవడానికి చేతులు మిగలవు. బట్టలు ఏడు రోజులకే. పిల్లలకు నాలుగు నెలలకు మించి కొనవద్దు, బూట్లు వేలెడు పెద్దవి. చలికి ఒక లావు కోటుకన్నా మూడు పలచని పొరలు మేలు. చాలాచోట్ల బాత్‌రూముల్లో కడుక్కోవడానికి నీళ్లుండవు, చిన్న ప్లాస్టిక్ చెంబు తప్పనిసరి. నవ్వుకుంటారు గానీ యూరప్‌లో మొదటి వారంలోనే దాని విలువ తెలుస్తుంది.

ఇక్కడి ఎలక్ట్రిక్ కుక్కరు 230 వోల్టులది. జపాన్‌లో 100, అమెరికాలో 120. ప్లగ్గు అడాప్టర్ వోల్టేజీని మార్చదు, సగం వోల్టేజిలో పావు వేడే వస్తుంది, అన్నం ఉడకదు. గ్యాసు, ఇండక్షను రెండిటిమీదా పనిచేసే రెండు లీటర్ల ప్రెషర్ కుక్కరు తీసుకెళ్లండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, 27,000 ఎంఏహెచ్ లోపు. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలోకి రానివ్వరు.

కందిపొడి, కారప్పొడి, చారుపొడి ఒక్కోటి అరకిలో చొప్పున వాక్యూమ్ ప్యాకింగ్ చేయిస్తే నెలన్నర గడుస్తుంది. ఆవకాయ చెకిన్‌లోనే, రెండు కవర్లలో. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు మాత్రం వేరే నియమం. అక్కడ దిగేముందు కార్డులో తిండి పదార్థాలన్నీ ప్రకటించాలి. ప్రకటిస్తే చూసి వదిలేస్తారు, లేదా తీసి పారేస్తారు, అంతే. ప్రకటించకుండా సంచిలో కరివేపాకు రెమ్మ దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తినకుండా మిగిల్చిన యాపిల్ ముక్కతో ఎక్కువమంది దొరికిపోతారు, పిల్లల సంచులు దిగేముందు ఖాళీ చేయండి.

కారు అద్దెకు తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏడాదే చెల్లుతుంది కాబట్టి మార్చి నెలాఖరు రోజుల్లో తీసుకోండి. జపాన్‌లో కూడా మన పర్మిట్ చెల్లుతుంది. బ్రిటన్‌లో 135 సెంటీమీటర్ల ఎత్తు లేదా పన్నెండేళ్లు వచ్చేదాకా, జర్మనీలో 150 సెంటీమీటర్లు లేదా పన్నెండేళ్లు వచ్చేదాకా పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. పెద్దవాడికి మడిచే బూస్టరు వెంట ఉంచుకోండి, చిన్నదానికి అద్దెకు తీసుకోండి. విమానాల్లో రెండేళ్లలోపు బిడ్డకు ఒడి టికెట్టు, పెద్దల టికెట్టులో పది శాతం దాకా. తిరుగు ప్రయాణానికి ముందు రెండేళ్లు నిండితే సీటు కొనాలి, బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

ముందుగా నమూనా ప్రయాణం, వేగం

మొత్తం సామాను, మొత్తం కుటుంబం, ఆటో లేకుండా ఒక వారాంతం మైసూరు వెళ్లిరండి. సామానులో ఏది ఎక్కువైందో రైలు మెట్లమీదే తెలుస్తుంది. తర్వాత, బయలుదేరే ముందటి ఏడాది అక్టోబరు సెలవుల్లో పన్నెండు రోజులు శ్రీలంకో, వియత్నామో. అక్కడ హోటల్ కాకుండా వంటగది ఉన్న ఇంట్లో ఉండి, రోజువారీ ఖర్చు రాసి, పై అంచనాతో పోల్చుకోండి.

ఒక ఊళ్లో కనీసం పది రాత్రులు. ఒక రోజు ప్రయాణం, ఆ మర్నాడు ఏమీ పెట్టుకోకపోవడం. రోజుకు ఒక్కటే చూడండి, అదీ పొద్దుటిపూట. బెంగళూరు నుంచి దూరదేశాలకు చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే ఎగురుతాయి. పిల్లలు మధ్యాహ్నం పడుకుని రావాలి, దిగే చోటికి పగలు చేరే విమానం చూసుకోవాలి. పడమరకు వెళ్లేటప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. అది నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది, ఆ నాలుగు రోజులకి టికెట్లు ఏవీ కొనొద్దు.

తప్పిపోతే ఏం చేయాలో పిల్లలకు రెండు ముక్కల్లో నేర్పండి. ఉన్నచోటే నిలబడాలి, పిల్లలతో ఉన్న ఒక అమ్మనో, యూనిఫాం వేసుకున్న మనిషినో పిలవాలి. చేతికట్టు మీద 91తో మొదలయ్యే రెండు నంబర్లు రాయించండి.

ఇల్లు, చివరి వారం

అద్దె ఇల్లయితే ఖాళీ చేయడమే లాభం, ఏడాది అద్దె మిగులుతుంది. సామాను ఊళ్లో తాతయ్య ఇంట్లోనో, గోడౌన్‌లోనో ఉంచండి. సొంత ఫ్లాటయితే అక్టోబరు నెల ఉండటానికి బంధువుల ఇల్లు కుదుర్చుకుని పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకివ్వండి. కారు నిలిపేస్తే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, టైర్లలో గాలి నింపి, నెలకోసారి ఎవరైనా స్టార్టు చేసేలా చూడండి. ఇన్సూరెన్సు గడువు దాటి 90 రోజులైతే నో-క్లెయిం బోనసు పోతుంది. చెక్కులు, ఆస్తి పత్రాల పనులకు బాబాయికో, మేనమామకో పవర్ ఆఫ్ అటార్నీ రాయండి. భార్యాభర్తలిద్దరికీ ఏదైనా జరిగితే పిల్లల సంరక్షకులెవరో చెప్పే వీలునామా కూడా రాయండి. ఈ పని వాయిదా వేయాలనిపిస్తుంది, వేయకండి.

పాస్‌పోర్టు పోతే ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే, యాత్ర సాగించడానికి కాదు. కొత్త పాస్‌పోర్టుకు వారాలు పడుతుంది, పాత వీసాలు పోయినట్టే. అందుకని నలుగురి పాస్‌పోర్టులు ఒకే సంచిలో పెట్టవద్దు. తల్లి దగ్గర రెండు, తండ్రి దగ్గర రెండు. మొదటి పేజీ, వీసాలు, అపోస్టిల్ కాగితాలు, టీకా కార్డులు ప్రింటు తీసిన రెండు కట్టలు వేర్వేరు సూట్‌కేసుల్లో, ఒకటి ఊళ్లో. కెంపేగౌడ ఎయిర్‌పోర్టుకు బయలుదేరేటప్పుడు మొదటి రాత్రి బస చిరునామా, తిరుగు టికెట్టు, ఇన్సూరెన్సు కాగితం మూడూ చేతిసంచి పై అరలో ఉంచండి. చెకిన్ కౌంటర్లో అడిగేది అవే. ఫోనులో ఉన్నాయి అనుకుంటే ఆ సమయానికి పిల్లాడు దానిమీద కార్టూన్ చూస్తూ చార్జింగ్ అయిపోగొట్టి ఉంటాడు.